ప్రీయాంప్ కొనే ముందు ఒక హిసాబ్



నా చుట్టుపక్కల ఇళ్లలో మంచి ఆడియో సిస్టం షౌక్ మళ్లీ కనిపిస్తోంది. గల్ఫ్ నుంచి వచ్చే తమ్ముడు ఒక జత స్పీకర్లు మోసుకొస్తాడు. అమెరికాలో ఉన్న అల్లుడు ఒక డాక్ పంపిస్తాడు. డాక్ అంటే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో అంకెలుగా ఉన్న పాటని సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా. పవర్ యాంప్ ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. ఇక ఒక్క సవాల్ మిగులుతుంది. డాక్‌కీ పవర్ యాంప్‌కీ మధ్యలో వాల్యూమ్ తిప్పుకోవడానికి ఏం పెట్టాలి? ఈ సవాల్ పట్టుకుని షోరూంకి వెళ్తే వాళ్లు చూపించే ప్రీయాంప్ ధర చాలాసార్లు స్పీకర్ల ధరని దాటిపోతుంది. "ఇంత మంచి స్పీకర్లు కొన్నారు, ప్రీ దగ్గర కక్కుర్తి పడతారా భాయ్?" అంటారు. ఆ మాటకి మన మర్దానగీ లేచి నిలబడుతుంది. పిల్ల కాలేజీ ఫీజు కోసం పక్కన పెట్టిన డబ్బులో చెయ్యి పడుతుంది.

నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. మన ఇళ్లలో చాలామందికి ఆ ప్రీయాంప్ జరూరత్ లేదు. ఒక ఇనప డబ్బా, అందులో ఒక మంచి వాల్యూమ్ కంట్రోల్, వెనకాల నాలుగు సాకెట్లు ఉంటే సరిపోతుంది. కరెంటు ప్లగ్ కూడా ఉండదు. దీన్నే ప్యాసివ్ ప్రీయాంప్ అంటారు. అజీబ్ పేరు! యాంప్ అంటే పెంచేది. ఇది దేన్నీ పెంచదు, తగ్గిస్తుందంతే. పేరులో ఝూట్ ఉన్నా పనిలో మాత్రం లేదు.

జరూరత్ లేదని ఊరికే అనడం లేదు, హిసాబ్ చూడండి. మామూలు డాక్ గానీ సీడీ ప్లేయర్ గానీ ఫుల్ సిగ్నల్ మీద 2 వోల్టులు ఇస్తుంది. మామూలు పవర్ యాంప్ తన దగ్గరికొచ్చిన వోల్టేజిని 20 రెట్లు చేస్తుంది. 100 వాట్ల యాంప్ 8 ఓమ్‌ల స్పీకర్ మీద తన తాకత్ అంతా చూపించాలంటే దాని నుంచి 28 వోల్టులు బయటికి రావాలి. డాక్‌ని నేరుగా యాంప్‌కి తగిలించారనుకోండి, 2 ఇంటూ 20, 40 వోల్టులు కావాలని అడిగినట్టు. యాంప్ ఇవ్వగలిగింది 28. అంటే మధ్యలో ఏ ప్రీయాంప్ లేకపోయినా మన దగ్గర అవసరానికి మించిన గెయిన్ ఉంది. ఇప్పుడు మధ్యలో 5 రెట్లు పెంచే యాక్టివ్ ప్రీయాంప్ పెట్టండి. 2 ఇంటూ 5 ఇంటూ 20. 200 వోల్టులు! 28 ఇచ్చే యాంప్‌ని 200 అడగడం ఎక్కడి ఇన్సాఫ్?

పైన ట్యాంకు నుంచి నల్లాలోకి నీళ్లు ధారగా వస్తున్నాయి. మధ్యలో ఒక మోటారు బిగించి, ఆ జోరుకి తట్టుకోలేక నల్లాని సన్నగా తిప్పుకుని బకెట్ పట్టుకుంటే ఎలా ఉంటుంది? ఇది కూడా అలాంటిదే. పైగా మోటారు ఖరీదు లక్షల్లో.

అయితే ఇంతకాలం ప్రీయాంప్‌లో గెయిన్ ఎందుకు పెట్టారు, వాళ్లేమైనా బేవకూఫ్‌లా అంటే, కాదు. అప్పటి సామాను వేరు. ఎల్పీ ప్లేయర్ సూది నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. రేడియో ట్యూనర్, టేప్ డెక్ లాంటివి అర వోల్టు దరిదాపుల్లో ఇచ్చేవి. ఆ బలహీనమైన సిగ్నల్‌ని లేపి పవర్ యాంప్‌కి అందించే మనిషి ఒకడు మధ్యలో ఉండాల్సిందే. 1982లో జపాన్‌లో సోనీ సీడీపీ-101 వచ్చింది. సీడీతో పాటే 2 వోల్టుల రివాజ్ ఇళ్లలోకి వచ్చింది. సిగ్నల్ ఒక్కసారిగా బలవంతుడైంది. ప్రీయాంప్ మాత్రం పాత అలవాటు ప్రకారం లేపుతూనే ఉంది. ఇంగ్లండ్ క్వాడ్ వాళ్ల 303, 405 పవర్ యాంప్‌లకి అర వోల్టు వస్తే చాలు, ఫుల్ తాకత్ చూపిస్తాయి. వాటి ముందు సీడీ ప్లేయర్ పెట్టినవాళ్లు సిగ్నల్‌ని తగ్గించుకోవడానికి తంటాలు పడ్డారు. అప్పటినుంచి మన సమస్య గెయిన్ ఎక్కువ కావడమే. అయినా బజార్ ఇంకా గెయిన్ అమ్ముతూనే ఉంది.

అసలు తేడా తెలిసేది రాత్రిపూట. షోరూంలో పగటిపూట గట్టిగా పెట్టి వినిపిస్తారు. మన ఇళ్లలో వినే వఖ్త్ వేరు. ఇషా అయ్యాక, పిల్లలు పడుకున్నాక, అమ్మీకి కాస్త కన్ను మూతపడ్డాక. గోడ అవతల పక్కింటివాళ్లు. పది బై పధ్నాలుగు హాల్లో అలా నెమ్మదిగా వినేటప్పుడు స్పీకర్‌కి సగటున వెళ్లేది ఒక వాట్‌లో వందో వంతు. నిజంగా అంతే. యాంప్ మీద 100 వాట్లని రాసి ఉంటుంది, మనం వాడేది 0.01.

అంత తక్కువలో వినాలంటే యాక్టివ్ ప్రీ ఉన్న సిస్టంలో వాల్యూమ్ నాబ్ గడియారంలో ఏడు, ఎనిమిది గంటల మధ్యనే ఇరుక్కుపోతుంది. వాల్యూమ్ కంట్రోల్‌లోని పాట్ అనే వస్తువుకి అడుగు భాగంలో ఒక ఐబ్ ఉంది. ఎడమ, కుడి ట్రాక్‌లు రెండూ అక్కడ సమానంగా నడవవు. చవక పాట్‌లలో 2, 3 డెసిబెల్స్ తేడా రావడం మామూలే. అంత తేడా ఉంటే మధ్యలో నిలబడి పాడాల్సిన బేగం అఖ్తర్ ఒక పక్కకి జరిగి కూర్చుంటారు. ఇంకాస్త తిప్పితే ఆవాజ్ ఉన్నట్టుండి పెరిగిపోతుంది, అమ్మీ లేస్తుంది. గెయిన్ లేని డబ్బాలో అదే ఆవాజ్‌కి నాబ్ పది, పదకొండు గంటల దగ్గరికి వస్తుంది. అక్కడ పాట్ సరిగ్గా నడుస్తుంది. వేలితో కొంచెం తిప్పితే కొంచెమే పెరుగుతుంది. నాకు ప్యాసివ్ నచ్చడానికి సబ్ సే బడా కారణం ఇదే. "పారదర్శకత", "స్వచ్ఛత" అని పత్రికలవాళ్లు రాసే మాటలన్నీ దీని తర్వాతే.

సంగీతం విషయంలో మన ఇళ్లలో ఇఖ్తిలాఫ్ ఉంది. ఆ బహస్ ఇక్కడ పెట్టను. సంగీతం వినని ఇంట్లోనూ తిలావత్ వింటారు కదా. మిస్ర్ దేశపు ఖారీ అబ్దుల్ బాసిత్ 1988లో ఇంతెఖాల్ అయ్యారు. ఆయన గొంతు ఇప్పటికీ మన ఇళ్లలో ఫజర్ తర్వాత మోగుతూనే ఉంది. ఒక్క సాంస్‌లో అంత దూరం తీసుకెళ్లి ఆపుతారు. ఆపిన తర్వాత ఒక ఖామోషీ ఉంటుంది. ఆ ఖామోషీలో స్పీకర్ నుంచి "స్స్" మని వినపడితే మనసు చెదురుతుంది. పాత రికార్డింగుల్లో ఆ స్స్ టేపులోదే, దాన్ని ఏ యంత్రమూ తీసెయ్యలేదు. మన సిస్టం తన వాటా కూడా కలపకుండా ఉంటే అదే చాలు. ప్యాసివ్ డబ్బాలో ట్రాన్సిస్టర్ లేదు, పవర్ సప్లై లేదు. 10 కిలో ఓమ్‌ల పాట్ సొంతంగా చేసే చప్పుడు ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు. ఇంకో ఫాయిదా ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని యాక్టివ్ ప్రీలు స్పీకర్లలో "ధబ్" మనిపిస్తాయి. వేసవిలో రోజుకి ఎన్నిసార్లు కరెంటు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. ప్లగ్గే లేని డబ్బాకి ఆ గొడవ లేదు.

ఇంత తారీఫ్ చేశాను కాబట్టి షర్తులు కూడా చెప్పాలి. ఇవి చెప్పకుండా "ప్యాసివ్ పెట్టు భాయ్, జన్నత్ కనిపిస్తుంది" అనేవాళ్లు కూడా షోరూంవాళ్ల లాంటివాళ్లే.

మొదటిది తీగ పొడవు. పాట్ అంటే సిగ్నల్ దారిలో పెట్టిన రెసిస్టెన్స్. దాని వెనక తీగ ఉంటుంది, తీగకి కెపాసిటెన్స్ ఉంటుంది. మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు అనుకోండి. ఈ రెండూ కలిస్తే పై స్వరాలని కోసేసే ఫిల్టర్ తయారవుతుంది. 50 కిలో ఓమ్‌ల పాట్ తీసుకుంటే, అది బయటికి చూపించే రెసిస్టెన్స్ ఒక దశలో 12.5 కిలో ఓమ్‌ల దాకా పోతుంది. దాని వెనక 5 మీటర్ల తీగ లాగితే 20,000 హెర్ట్‌జ్ దగ్గర 2 డెసిబెల్స్ పోతాయి. సితార్ తీగ మీద మిజ్రాబ్ తగిలే మెరుపు కాస్త మసకబారుతుంది. అదే 10 కిలో ఓమ్‌ల పాట్, 1 మీటర్ తీగ అయితే ఆ కోత మన చెవికి అందనంత పైకి, 6 లక్షల హెర్ట్‌జ్ దాటి పోతుంది. ఫైసలా తేలికే. 10 కిలో ఓమ్‌ల పాట్ వాడండి, డబ్బాని పవర్ యాంప్ పక్కనే పెట్టండి. తీగ పొడవుగా లాగక తప్పదంటే డాక్ నుంచి డబ్బా దాకా లాగండి. డాక్‌కి ఆ దమ్ము ఉంటుంది.

రెండోది, ముందున్న సామాను. "ప్యాసివ్ పెడితే జాన్ పోయింది, బాస్ తగ్గింది" అనే షికాయత్ ఎక్కువమంది చేస్తారు. అది వహెమ్ అని కొట్టిపారెయ్యను. కొన్ని వాల్వ్ ప్లేయర్లలో, వాల్వ్ డాక్‌లలో చివర ఒక కెపాసిటర్ ఉంటుంది. అది 0.47 మైక్రోఫారడ్ అయితే, ముందు 10 కిలో ఓమ్‌ల పాట్ పెట్టగానే 34 హెర్ట్‌జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పోతాయి. 100 కిలో ఓమ్‌ల ముందు అయితే అదే కెపాసిటర్ 3.4 హెర్ట్‌జ్ దాకా దిగుతుంది. కాబట్టి తబలాలో బాయాఁ దెబ్బ బోసిపోయిందని వాళ్లన్నది నిజమే. ఇల్జామ్ మాత్రం ప్యాసివ్ మీద వెయ్యకూడదు, ఆ జోడీ మీద వెయ్యాలి. నికాహ్ కుదర్చకముందే ఇద్దరి మిజాజ్ చూడమన్నట్టు. మామూలు సాలిడ్ స్టేట్ డాక్‌లకి ఈ బాధ లేదు. 10 కిలో ఓమ్‌లని అవి ఆరాముగా నడుపుతాయి.

జాన్ పోయిందనడానికి ఇంకో వజహ్ ఉంది, అది చాలా మామూలుది. ఎక్కువ ఆవాజ్ ఉన్నదే మనకి మంచిగా వినిపిస్తుంది. యాక్టివ్ ప్రీ తీసి ప్యాసివ్ పెట్టి, నాబ్‌ని పాత చోటే ఉంచి వింటే ప్యాసివ్ ఓడిపోతుంది. ఓడిపోవాల్సిందే, ఆవాజ్ తగ్గింది కదా. రెండిటినీ సరిపోల్చాలంటే ఫోన్ నుంచి ఒకే శ్రుతి మోగించి, స్పీకర్ టెర్మినల్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజి చూసి, రెండూ సమానం చేసుకుని వినాలి. ఏది నడుస్తోందో మీకు తెలియకుండా ఇంట్లో ఇంకొకరితో మార్పించుకుంటే ఇంకా మంచిది. ఈ పని చెయ్యకుండా ఎవరైనా "జమీన్ ఆస్మాన్ ఫరక్ భాయ్" అంటే చాయ్ తాగించి పంపించండి.

మూడోది పవర్ యాంప్. దాని ఇన్‌పుట్ 20 నుంచి 47 కిలో ఓమ్‌లు ఉంటే హాయి. 10 కిలో ఓమ్‌లే అయినా కొంచెం ఆవాజ్ పోతుంది గానీ కొంప మునగదు. గెయిన్ చాలా తక్కువ ఉన్న యాంప్‌లు మాత్రం వేరే జాత్. అమెరికాలో నెల్సన్ పాస్ చేసిన ఫస్ట్ వాట్ ఎఫ్4 లాంటిది వోల్టేజిని అసలు పెంచదు. దాని ముందు ప్యాసివ్ పెడితే గుసగుసలే వినిపిస్తాయి. బ్యాలెన్స్‌డ్ తీగలు వాడేవాళ్లకి నాలుగు వరసల పాట్ కావాలి, ఖర్చూ చిక్కూ రెండూ పెరుగుతాయి. వాళ్లకి నేను ఈ దారి సిఫారసు చెయ్యను.

ఇదే నెల్సన్ పాస్ 2008లో బీ1 అనే డిజైన్‌ని అందరూ చేసుకోవడానికి బయట పెట్టాడు. గెయిన్ లేని బఫర్ అది. సిగ్నల్‌ని పెంచదు, వెనకున్న తీగని మోసే బలం మాత్రం ఇస్తుంది. ఖరీదైన యాంప్‌లు చేసి అమ్మే మనిషే గెయిన్ అక్కర్లేని ప్రీని జనానికి ముఫ్త్‌గా ఇచ్చాడంటే ఆలోచించాలి. తీగ పొడవు తప్పనివాళ్లు, ఏ సామాను ముందు ఏది సరిపోతుందో లెక్కలు వేసే ఓపిక లేనివాళ్లు ఈ బీచ్ కా రాస్తా పట్టొచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్‌తో వాల్యూమ్ తగ్గించే ప్యాసివ్‌లు కూడా ఉన్నాయి. పాట్ బదులు చుట్టలు. బాగుంటాయి, ఆవాజ్ తగ్గించేకొద్దీ వాటి బలం పెరుగుతుంది. కానీ ధర మళ్లీ అక్కడికే, షోరూం దగ్గరికే తీసుకెళ్తుంది. 24 మెట్ల స్విచ్‌కి రెసిస్టర్లు అతికించిన స్టెప్డ్ అటెన్యుయేటర్ అయితే ఎడమ, కుడి తేడా దాదాపు ఉండదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆగలేం, అదొక్కటే లోపం. రాత్రిపూట ఒక మెట్టు తక్కువ, ఇంకో మెట్టు ఎక్కువ అనిపించి చికాకు పెడుతుంది. నా మట్టుకు నాకు మంచి పాటే ఇష్టం. ఆల్ప్స్ కంపెనీ నీలం డబ్బా పాట్, ఆర్‌కే27 అంటారు, ఈ పనికి చాలామంది వాడేది అదే. నకిలీలు జాస్తి, చూసి కొనండి.

డాక్‌లోనే వాల్యూమ్ ఉంది కదా, ఈ డబ్బా కూడా ఎందుకని అడిగే కుర్రాళ్లకి జవాబు. వాజిబ్ సవాలే. ఇప్పటి మంచి డాక్‌లలో డిజిటల్ వాల్యూమ్ వల్ల చెవికి తెలిసే నష్టం తక్కువ. కానీ ఇంట్లో పిల్లలున్నారు. టాబ్‌లో ఏదో నొక్కితే వాల్యూమ్ ఒక్కసారి నూటికి నూరు అవుతుంది. మధ్యలో చేత్తో తిప్పే నాబ్ లేకపోతే ఆ 2 వోల్టులూ నేరుగా యాంప్‌లోకి వెళ్తాయి. స్పీకర్ ట్వీటర్ కాలితే మార్పించడానికయ్యే ఖర్చు ఈ డబ్బా ఖర్చు కంటే ఎక్కువ కావచ్చు. రిమోట్ లేకుండా సోఫాలోంచి లేవనివాళ్లకి మోటార్ ఉన్న పాట్‌లు దొరుకుతాయి. అప్పుడు చిన్న అడాప్టర్ ఒకటి తప్పదు.

ఇప్పటికే యాక్టివ్ ప్రీ కొని ఉన్నవాళ్లు దాన్ని తెగనమ్మాల్సిన పని లేదు. పవర్ యాంప్ ఇన్‌పుట్ దగ్గర 10 డెసిబెల్స్ తగ్గించే చిన్న అటెన్యుయేటర్ తగిలించండి. నాబ్ పైకి వస్తుంది, ప్రీ చేసే స్స్ కూడా ఆ మేరకి తగ్గుతుంది. నాలుగైదు సామాన్లు ఒకేసారి తగిలించేవాళ్లకి, టోన్ కంట్రోల్ కావాలనేవాళ్లకి యాక్టివ్ ప్రీయే సుఖం. అబ్బాజాన్ల కాలం నాటి ఎల్పీలు బీరువాలో ఉన్నవాళ్లు ఆగి ఆలోచించాలి. ఫోనో స్టేజ్ 40 డెసిబెల్స్ పెంచితే 5 మిల్లీవోల్టుల సూది అర వోల్టు అవుతుంది. దాన్ని యాంప్ 20 రెట్లు చేస్తే 10 వోల్టులు, అంటే 12 వాట్లు. మామూలుగా వినడానికి సరిపోతుంది. సబ్రీ బ్రదర్స్ కవ్వాలీ పెట్టి హాలంతా నిండాలంటే చాలదు. అలాంటివాళ్లు ఫోనో స్టేజే కొంచెం ఎక్కువ పెంచేది తీసుకుంటే ప్రీ ఖర్చు మిగులుతుంది.

షౌక్ మీద డబ్బు ఖర్చు పెట్టడం ఇస్రాఫ్ అని నేను అనను. అలా అంటే మా ఇంట్లో స్పీకర్లే నన్ను చూసి నవ్వుతాయి. స్పీకర్‌కి పెట్టిన డబ్బు వినిపిస్తుంది. గోడకి దళసరి పరదా, కింద ఖాలీన్, వాటికి పెట్టిందీ వినిపిస్తుంది. వాడని గెయిన్ మీద పెట్టింది మాత్రం అల్యూమినియం ముఖం మీద చదివే పేరుకి పెట్టినట్టే. నాకు అభ్యంతరం అక్కడే. ఆ డబ్బు ఒక్క మర్దు షౌక్‌ది కాదు, ఇంటిది.

చేసుకోవడం కూడా ముష్కిల్ కాదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. సాకెట్లు, షీల్డ్ తీగ, ఇనప డబ్బా అన్నీ అక్కడ దొరుకుతాయి. మా ఆపా కూతురు డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. ఒక ఆదివారం జొహర్ తర్వాత సోల్డరింగ్ మొదలుపెట్టి అసర్ అజాన్‌కి ముందే ముగించింది. నేను దీపం పట్టుకుని నిలబడ్డాను, అంతే. స్టీరియో పాట్, 10 కిలో ఓమ్‌లు, లాగ్ రకం అని అడగండి. లీనియర్ ఇస్తే తీసుకోకండి, మొదటి పావు తిప్పుడులోనే ఆవాజ్ అంతా వచ్చేస్తుంది. సాకెట్ల గ్రౌండ్, డబ్బా లోహం రెండూ కలపాలి, లేకపోతే చెయ్యి పెట్టినప్పుడల్లా గుయ్యిమంటుంది.

మూత బిగించాక, యాంప్‌కి తగిలించక ముందు ఒక్క పని. నాబ్‌ని పూర్తిగా కిందికి తిప్పి, అవుట్‌పుట్ సాకెట్ మధ్య పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు చూడండి. సున్నా దగ్గర ఉండాలి. రెండు చానెళ్లలోనూ చూడండి. 10 కిలో ఓమ్‌లు చూపిస్తే పాట్ పైకాలు, కిందికాలు తారుమారయ్యాయి. అలాగే తగిలిస్తే నాబ్ సున్నాలో ఉన్నప్పుడే ఫుల్ ఆవాజ్ వస్తుంది. ఆ రెండు తీగలూ అటూ ఇటూ మార్చి, మళ్లీ కొలిచాకే యాంప్ స్విచ్ వెయ్యండి.